పదిహేడు పళ్ల చక్రం

వికారాబాద్ స్టేషన్ రోడ్డులో ఎవరినైనా ఆపి "సుధాకర్ పది అంటే ఏంది?" అని అడిగి చూడండి. చెప్పలేకపోతే ఆ మనిషి ఈ ఊరివాడు కాడన్నమాట. బాయి మోటరు కానీ, పిండిగిర్ని మోటరు కానీ, నడుస్తున్న ఏ మోటరు మీదనైనా సుధాకర్ అరచెయ్యి ఆనించి ఒకటి నుంచి పది దాకా పైకి లెక్కపెడతాడు. పది దాకా చెయ్యి నిలిచిందా, మోటరు సుఖంగా ఉన్నట్టు. ఆరు దగ్గర వెనక్కి లాగాడా, దాని మీద మొయ్యలేని బరువు పడుతున్నట్టు. మూడుకే లాగేశాడంటే ఇక చెప్పేదేముంది, వారం తిరక్కుండా ఆ మోటరు వైండింగు కోసం అతని దుకాణం మెట్లెక్కుతుంది. ఇరవై ఎనిమిదేళ్లలో ఆ లెక్క తప్పిందన్నవాడు లేడు.

ధారూర్‌లో ఉన్న పొలం కౌలుకిచ్చి ఈ దుకాణం పెట్టినప్పుడు చుట్టాలంతా నవ్వారు. "పటేలు ఇంట్ల పుట్టి రాగితీగ చుట్టుకుంట కూసుంటడట" అన్నారు. ఇప్పుడు ఆ నవ్వినవాళ్ల బావుల దగ్గరున్న మోటర్లన్నీ ఇతని చెయ్యి పడ్డాకే నీళ్లు పోస్తున్నాయి. అందుకని సుధాకర్‌కు తన చేతి మీద కాస్త గర్వం. కాస్తేమిటి లెండి, బాగానే గర్వం.

అతని కూతురు శ్రేయ ఇంజనీరింగ్ మూడో ఏడు. రోజూ పొద్దున రైల్లో హైదరాబాద్ పోయి సాయంత్రం రైల్లో తిరిగొచ్చే పిల్ల. ఇంటి దగ్గర చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకుని, బ్యాటరీతో నడిచే రిమోట్ కారు ఒకటి విడి భాగాలు తెప్పించి తనే బిగించుకుంది. దాన్ని బొమ్మ కారు అన్నవాళ్లతో ఆమె రెండు రోజులు మాట్లాడదు. మూరెడు పొడుగుంటుంది కానీ, స్టేషన్ రోడ్డులో స్కూటీలను దాటిపోతుంది.

దాని లోపలి కథ పెద్ద కష్టమైందేమీ కాదు. మోటరు ఇరుసుకు ఒక చిన్న పళ్లచక్రం ఉంటుంది, దాన్ని పినియన్ అంటారు. అది పక్కనున్న పెద్ద పళ్లచక్రాన్ని తిప్పితే, అది చక్రాలను తిప్పుతుంది. పెద్దదాన్ని ఎవరూ ముట్టరు, మార్చేదల్లా పినియన్‌నే. దానికి పళ్లు ఎక్కువైతే కారు వేగం పెరుగుతుంది, మోటరు మీద బరువూ పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. పళ్లు తగ్గితే వేగం తగ్గుతుంది, మోటరు చల్లగా ఉంటుంది. శ్రేయ డబ్బాలో నాలుగు పినియన్లు ఉన్నాయి. ఇరవై మూడు పళ్లది, ఇరవై ఒకటి, పందొమ్మిది, పదిహేడు.

ఈ సంగతి సుధాకర్‌కు కొత్తగా చెప్పాలా?

"మూడో గేరుల నాగలి దున్నుతమా బిడ్డా? ట్రాక్టరైనా గంతే, నీ కారైనా గంతే. మోటరుకు దమ్ము ఎంతున్నదో చూసి పళ్లు పెట్టాలె" అన్నాడు మొదటిరోజే.

"దమ్ము ఎంతున్నదో చూసేటందుకు వేడి కొలిచే మిషన్ ఒకటి ఉంటది నాయినా. దూరం నుంచి మోటరు దిక్కు పట్టి నొక్కితే చాలు, ఎన్ని డిగ్రీలున్నదో చూపెడ్తది. తెప్పించుకుందమా?"

ఆ మాటకు సుధాకర్ మొహం ముడుచుకుంది. "ఇంట్ల నా చెయ్యి ఉండంగ మిషన్ ఎందుకు? నలుగురు ఇంటే నవ్విపోతరు" అన్నాడు. శ్రేయ మరి అడగలేదు. తండ్రి చేతి మీద ఊరందరికీ అంత నమ్మకం ఉన్నప్పుడు, కన్నకూతురికి ఉండదా!

ఆ నమ్మకంతోనే ఇరవై మూడు పళ్లది బిగించింది. పది నిమిషాలు తిప్పి తెచ్చి ఇస్తే, సుధాకర్ చెయ్యి పెట్టి నింపాదిగా పది లెక్కపెట్టి, "జర వెచ్చగ ఉన్నది గంతే. ఫికర్ చెయ్యకు, నడుపు" అన్నాడు. మూడోనాడు అనంతగిరి ఎక్కే దారిలో కారు ఠక్కున ఆగింది. మోటరు లోంచి సన్నగా పొగ లేచింది. వార్నిష్ కాలిన ఆ వాసన సుధాకర్‌కు తెలియనిదా? అది విప్పి చుట్టడానికి వీలు లేని మోటరు. లోపలంతా లప్పం పోసి మూసేసి ఉంటుంది. సుధాకర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అగ్గువ మాలు బిడ్డా, నీ తప్పేం లేదు" అని తేల్చేశాడు. తన తప్పు ఉండొచ్చన్న ఆలోచన అతనికి కలలో కూడా రాలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న మనిషి మరి.

శ్రేయ ఇంకో రెండు నెలలు ట్యూషన్లు చెప్పి రెండో మోటరు తెప్పించుకుంది. ఆదివారం తాండూరులో పోటీ. అక్కడి నాపరాళ్ల పాలిష్ యూనిట్ యజమాని ధనరాజ్ సేటుకు ఈ కార్ల పిచ్చి అంటుకుని, యూనిట్ వెనక ఖాళీ జాగాలో పెట్టిస్తున్నాడు. ఇరవై నిమిషాలు ఆగకుండా తిరగాలి, ఎవరు ఎక్కువ చుట్లు తిరిగితే వాళ్లది గెలుపు. ఈ మోటరు కాలితే మూడోది కొనే తాహతు శ్రేయకు లేదు. తండ్రిని అడిగే పిల్ల కాదు.

శనివారం సాయంత్రం ఇంటి ముందు సిమెంటు రోడ్డు మీద ఇరవై ఒక్క పళ్లతో పావుగంట తిప్పింది. లోపల చార్జరు కూత పెడితే, కారును తండ్రి చేతికిచ్చి ఇంట్లోకి పరుగెత్తింది. సుధాకర్ మోటరు మీద అరచెయ్యి ఆనించి లెక్క మొదలుపెట్టాడు. ఎనిమిది, తొమ్మిది, పది. బాగానే ఉంది. ఒక స్క్రూ వదులైనట్టు కనిపిస్తే, బిగిద్దామని కారును అరుగు మీద కూర్చున్న తల్లికి అందించాడు.

"అమ్మా, జర గిది పట్టుకో."

రామమ్మ పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి సరిగ్గా మోటరు మీదే పడింది.

"అవ్వో! కాలిందిరా!" అని కారును ఒళ్లోంచి కింద పడేసింది. "నిప్పు చేతిల పెడ్తవేందిరా నా కొడకా!"

"నిప్పేంది? నేను ఇప్పుడే పట్టుకుంటి గద. ముసలితనాన నీ చెయ్యి మెత్తబడ్డది."

"నా చెయ్యి మెత్తనా?" రామమ్మకు ఒళ్లు మండింది. "అరవై ఏండ్ల సంది పెంక మీది జొన్నరొట్టె ఒట్టిచేతితోని తిప్పుతున్న. నాది మెత్తనంట! చూడు ఇగో."

అరచెయ్యి చాపింది. రొట్టెలు తిప్పి తిప్పి కాయలు కాసిన ఆ చెయ్యి నడిమిన ఎర్రగా కందిపోయి ఉంది.

సుధాకర్ ఆ చేతిని చూశాడు. తర్వాత తన చేతిని చూసుకున్నాడు. అదీ ఎర్రబడే ఉంది. తనదే ఇంకా ఎక్కువ ఎర్రగా ఉంది. పది అంకెలసేపు పట్టుకున్నాడు కదా మరి.

రామమ్మ కోపం ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగా పోతుంది. కొడుకు మొహం చూసి గొంతు తగ్గించింది. "మొన్న ఒక్క చెప్పుతోని దుకాణం దాంక పోయినవు. రెండోది తొవ్వల జారిపోతే నీకు తెల్వనే లేదు. ఆ షుగర్ గోలీలు నీ పెండ్లాం జ్యోతి చేతిల పెడ్తే ఏసుకుంటవు, పెట్టకపోతే లేదు. ఎన్నడు సంది గిట్లున్నదిరా?"

"ఏం లేదమ్మా. శ్రేయకు చెప్పకు."

"నేను చెప్ప. నువ్వే చెప్పు."

అంతలో శ్రేయ బయటికి వచ్చి, "ఎట్లుంది నాయినా?" అని అడిగింది. సుధాకర్ కారును దులుపుతూ, ఆమె వైపు చూడకుండా, "పందొమ్మిది వెయ్యి" అన్నాడు.

"పది దాంక నిలిచింది గద? లోపలికి ఇనొచ్చింది నీ లెక్క."

"ఎందుకైనా మంచిదని చెప్తున్న."

ఆమె తలూపి పందొమ్మిది బిగించింది. రామమ్మ కొడుకు వైపు ఒక చూపు చూసి, లేచి లోపలికి పోయింది. ఎంత సిగ్గుపడ్డాడో సుధాకర్‌కే తెలుసు. చెయ్యి మొద్దుబారినందుకు అంత కాదు, కూతురికి నిజం చెప్పలేకపోయినందుకు. చెబితే ఏమవుతుంది? ఆ పిల్ల ఎవరికీ చెప్పదు. కానీ ఆమెకు తెలిశాక ఆమె కళ్లల్లో తన చెయ్యి ఉత్త చెయ్యి అయిపోతుంది. అది తలచుకుంటేనే అతనికి దుఃఖం వచ్చింది.

ఆదివారం పొద్దున ఇద్దరూ రైల్లో తాండూరులో దిగారు. ధనరాజ్ సేటు యూనిట్ వెనక, పేర్చిన నాపరాళ్ల వరసల మధ్య వంకరటింకరగా దారి గీశారు. సగం దారి నున్నని రాయి, సగం దారి పాలిష్ నుంచి వచ్చిన తెల్లపొడి పరిచిన మెత్తని నేల. మొత్తం ఎనిమిది కార్లు. రెండు హైదరాబాద్ నుంచి, ఒకటి గుల్బర్గా నుంచి వచ్చాయి. ఆ గుల్బర్గా అతను పాలిష్ కూలీలతో కన్నడంలో ముచ్చట్లు పెట్టి అప్పటికే సగంమందిని తన వైపు తిప్పుకున్నాడు.

ముందు పది నిమిషాలు సాధన. అది అయ్యాక అరగంట విరామం, తర్వాత అసలు పోటీ.

సాధన పూర్తయిందో లేదో ధనరాజ్ సేటు సుధాకర్ భుజం మీద చెయ్యేసి అందరినీ కేకేశాడు. యూనిట్లో ఉన్న పన్నెండు పాలిష్ మోటర్లనూ పదేళ్లుగా చూసేది సుధాకరే. "రండి, రండి! సుధాకర్ పటేలు చెయ్యి పెడ్తే డాక్టర్ నాడి పట్టినట్టే. ఇయ్యాల అందరికి ముఫత్!"

హైదరాబాద్ కుర్రాడొకడు నవ్వుతూ తన కారు ముందుకు చాపాడు. సుధాకర్ చెయ్యి పెట్టాడు. చేతికి ఏమీ తెలియలేదు. ముక్కుకు మాత్రం వార్నిష్ వాసన లీలగా తగిలింది. ఒకటి, రెండు, మూడు అంటూ పోయి, ఆరు దగ్గర చటుక్కున చెయ్యి లాగేసుకున్నాడు. "రెండు పళ్లు తగ్గించు తమ్మీ" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ కుర్రాడు దండం పెట్టి పోయాడు.

చెప్పింది నిజమే కావచ్చు. కానీ ఇరవై ఎనిమిదేళ్లలో ఆ చెయ్యి ఆడిన మొదటి అబద్ధం అది. సుధాకర్‌కు ఆ చప్పట్లు చెంపల మీద పడ్డట్టే అనిపించింది.

అప్పుడు శ్రేయ తన కారు తెచ్చింది. ఒళ్లంతా తెల్లపొడి, కళ్లల్లో వెలుగు. "మూడోదాన్నొచ్చిన నాయినా! పందొమ్మిదితోనే. ఇరవయ్యొకటి వేస్తే మొదటి ఇద్దర్ని పట్టుకుంట. మోటరు ఎట్లున్నదో చూసి చెప్పు, నిమ్మలంగ చూడు. గిది పోతే నాకు ఇంకోటి లేదు."

సుధాకర్ అరచెయ్యి ఆనించాడు. కూతురి కళ్లు అతని చేతి మీదే ఉన్నాయి. వాసన లేదు. శబ్దం లేదు. మోసం చెయ్యడానికి సాయం చేసేదేదీ లేదు ఈసారి.

"ఒకటి" అన్నాడు. "రెండు." ధనరాజ్ సేటు కూడా గొంతు కలిపాడు. "మూడు." వెనక నిలబడ్డవాళ్లూ అందుకున్నారు. "నాలుగు."

సుధాకర్ చెయ్యి తీసేశాడు.

"కాలిందా?" అంది శ్రేయ.

"లేదు బిడ్డా. కాలిందో కాలలేదో నాకు తెలుస్తలేదు."

ఆమెకు అర్థం కాలేదు. ఒకసారి మొదలుపెట్టాక ఇక సుధాకర్‌కు దాచుకోవాలనిపించలేదు. "నా చెయ్యి సచ్చిపోయింది. షుగర్ తోని అయ్యుంటది. నిన్న మీ నానమ్మ చెయ్యి కాలింది, నాది కాలినట్టే నాకు తెల్వలే. నీ మొదటి మోటరు అగ్గువ మాలు కాదు. నేనే కాల్పిచ్చిన. నువ్వు నా చెయ్యి నమ్మి నడిపినవు." ఆ హైదరాబాద్ కుర్రాడి వైపు తిరిగి, "నీ కారు మీద నేను ఉత్తగ లెక్కపెట్టిన తమ్మీ. వాసన పట్టి చెప్పిన. అయినా పళ్లు తగ్గించుకో, గది మాత్రం నిజం" అన్నాడు.

ధనరాజ్ సేటు సుధాకర్ భుజం మీది చెయ్యి మెల్లగా తీసుకున్నాడు. తీసుకున్నాక ఆ చేత్తో ఏం చెయ్యాలో తోచక జేబులో పెట్టుకున్నాడు. "మరి పటేలా, పోయిన నెల నా మోటర్లన్ని మంచిగున్నయంటివి గద?"

"అన్న. రేపు మల్ల వస్త సేటు, కరెంటు కొలిచే మీటరు పట్టుకొని. ఒక్కొక్కటి మల్ల చూస్త. అప్పటిదాంక పాతయి రెండు బంద్ పెట్టు."

సేటు సరేనన్నట్టు తలూపాడు కానీ, ఆ తల ఊపులో పాత ధీమా లేదు. పదేళ్ల నమ్మకం అంత తొందరగా మళ్లీ రాదని సుధాకర్‌కూ తెలుసు.

"శ్రేయా, నీ చెయ్యి పెట్టు" అన్నాడు.

ఆమె పెట్టింది. "ఒకటి, రెండు..." మూడు అనకముందే "అబ్బా!" అని లాగేసుకుంది.

"గదీ సంగతి. పందొమ్మిదికే గింత కాలుతున్నది. పది నిమిషాలకే గిట్లుంటే ఇరవై నిమిషాలకు ఏమైతది? గా తెల్లపొడిల చక్రాలు కూరుకుపోతున్నయి, బరువంత మోటరు మీదనే పడుతున్నది. పదిహేడు వెయ్యి."

"పదిహేడు వేస్తే గెలవ నాయినా."

"గెలవవు. కానీ ఆగవు."

శ్రేయ తండ్రిని చూసింది. తన చేతికి ఏమీ తెలియడం లేదని అప్పుడే పదిమందిలో చెప్పుకున్న మనిషి మాట వినాలా వద్దా అని ఆలోచిస్తుందేమోనని సుధాకర్ భయపడ్డాడు. ఆమె నేల మీద కూర్చుని స్క్రూలు విప్పడం మొదలుపెట్టింది. పాత పినియన్ తీసి, పదిహేడు పళ్లది ఎక్కించి, మోటరును జరిపి రెండు చక్రాల పళ్ల మధ్య సన్నని కాగితం ముక్క పెట్టి బిగించింది. కాగితం లాగితే జారి వచ్చింది, అంటే సందు సరిగ్గా ఉంది. ఆ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. సుధాకర్ చూస్తూ ఉండిపోయాడు. ఈ పిల్ల వేళ్లు తన వేళ్లకంటే నిలకడైనవని మొదటిసారి గమనించాడు.

పోటీలో శ్రేయ కారు మొదటి ఐదు నిమిషాలు అందరికంటే వెనకే ఉంది. ఎవరో "నత్త, నత్త" అని నవ్వారు కూడా. తొమ్మిదో నిమిషంలో గుల్బర్గా కారు తెల్లపొడిలో ఆగి పొగ చిమ్మింది. పదమూడులో ఇంకొకటి, పదహారులో మరొకటి. హైదరాబాద్ కుర్రాడు పళ్లు తగ్గించుకున్నాడు కాబోలు, చివరిదాకా తిరిగి గెలిచాడు. శ్రేయ నాలుగోది. నాలుగోదానికి బహుమతి లేదు. పరుగెత్తిపోయి కారు చేతిలోకి తీసుకుని, మోటరు మీద చెయ్యి పెట్టింది. పెదవులు కదులుతుంటే సుధాకర్ దూరం నుంచే చూశాడు. ఏడు దాకా వచ్చినట్టుంది. తల ఎత్తి నవ్వింది.

మధ్యాహ్నం రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. కారు ఆమె ఒళ్లో తువ్వాలులో చుట్టి ఉంది. రుక్మాపూర్ దాటినా శ్రేయ కిటికీ లోంచి బయటికే చూస్తోంది. కోపమేనేమో అనుకున్నాడు సుధాకర్. ఉంటే మాత్రం తప్పేముంది, రెండు నెలల కష్టం కాల్చేశాడు.

"కోపమొచ్చిందా బిడ్డా?"

"వచ్చింది. మోటరుకు కాదు. ఎన్ని రోజుల సంది దాస్తున్నవు?"

"నిన్ననే తెలిసింది. అంతకుముందు నాకూ తెల్వది. ఒట్టు."

ఆమె అతని కుడిచెయ్యి లాక్కుని తన మోకాలి మీద పెట్టుకుంది. "కండ్లు మూసుకో" అంది. మూసుకున్నాడు.

చూపుడు వేలు కొసను గోరుతో నొక్కింది. "గిక్కడ?"

"లేదు."

"గిక్కడ?"

"నొక్కుతున్నవా?"

వేలి కణుపు మీద, అరచేతి నడుమ, బొటనవేలి కింద, ఒక్కోచోట ఆగి అడుగుతూ వచ్చింది. ఎదుటి సీట్లో కందిపప్పు సంచి పెట్టుకుని కూర్చున్న ముసలాయన ఇదేదో ఆటనుకుని ఆసక్తిగా చూస్తున్నాడు. రైలు ధారూర్‌లో ఆగింది, కదిలింది. సుధాకర్ ప్రతిసారీ లేదు, లేదు అంటూనే ఉన్నాడు. మణికట్టు దగ్గర, గడియారం పట్టీకి రెండు వేళ్ల కింద, ఒక్కసారిగా ఉలిక్కిపడ్డాడు.

"ఆ! గిక్కడ. గిక్కడ తెలుస్తున్నది. నీ గోరు తాకుతున్నది."

కళ్లు తెరిచాడు. శ్రేయ అక్కడే వేలు ఉంచి, జేబులోంచి పెన్ను తీసి, అతని మణికట్టు చుట్టూ సన్నగా ఒక గీత గీసింది. గీస్తూ ఏడుస్తోంది.

"రేపు పొద్దుగాల దవాఖానకు పోదం. డాక్టరుకు గిది చూపెట్టాలె. మొద్దుబారుడు గీ గీత దాటి పైకి రానియ్యొద్దు" అంది.

"సేటు మోటర్లు చూస్తనంటి గద రేపు?"

"ముందు దవాఖాన. తర్వాత ఇద్దరం పోదం. మీటరు నువ్వు చూడు, చెయ్యి నేను పెడ్త."

సుధాకర్ సరేనన్నాడు. వికారాబాద్ వచ్చేదాకా ఆమె తన వేలు ఆ గీత మీదనుంచి తియ్యలేదు, అతనూ చెయ్యి కదపలేదు.